క్యోటో నుంచి కణేకల్లు దాకా ఒక ఆటపెట్టె

తొంభైల్లో మా కణేకల్లు పిల్లల చేతికి అందిన మొదటి కంప్యూటరుకు కీబోర్డు లేదు, తెర లేదు, తయారుచేసినవాళ్ల పేరూ లేదు. తీగలతో వేలాడే రెండు రిమోట్లు, ముట్టుకుంటే కాలే నల్ల అడాప్టరు, నెత్తిన క్యాసెట్టు దూర్చే గాడి, అంతే. బళ్లారి బజారులోనో, రాయదుర్గంలోనో కొని బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చేవాళ్లు. దాన్ని అందరూ వీడియో గేమ్ అన్నారు తప్ప కంప్యూటరు అని ఎవరూ అనలేదు. కానీ అది నిజమైన కంప్యూటరే. 1977లో అమెరికా ఇళ్లలోకి వెళ్లిన యాపిల్-2లో ఏ వంశపు ప్రాసెసరు ఉందో, మా ఊరి మిద్దెల్లో మారియోను దూకించిందీ ఆ వంశపు ప్రాసెసరే.

ఆ ప్రాసెసరు పేరు 6502. 1975లో మాస్ టెక్నాలజీ అనే చిన్న కంపెనీలో చక్ పెడుల్, ఆయన బృందం దాన్ని తయారుచేశారు. పోటీ కంపెనీల చిప్పులు వందల డాలర్లు పలుకుతున్న రోజుల్లో దీనికి పెట్టిన ధర 25 డాలర్లు. శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన ఎలక్ట్రానిక్స్ ప్రదర్శనలో అక్కడికక్కడ అమ్మడానికి వీల్లేదంటే, ఒక హోటల్లో గది తీసుకుని గాజు జాడీల్లో చిప్పులు పోసి అమ్మారు. అలా కొన్నవాళ్లలో స్టీవ్ వోజ్నియాక్ ఒకడు. ఆటల చరిత్ర రాసేవాళ్లు మారియో పుట్టిన సంవత్సరాన్ని పెద్దదిగా చెబుతారు. నా దృష్టిలో మాత్రం ఆ 25 డాలర్ల సంవత్సరమే పెద్దది. కంప్యూటరు సామాన్యుడి ఇంటి గడప వైపు మళ్లింది అప్పుడే.

1981లో జపాన్‌లోని క్యోటోలో నింటెండో అధ్యక్షుడు హిరోషి యమౌచి, మసాయుకి ఉయెమురా అనే ఇంజినీరుకు ఒక పని అప్పగించాడు. ఇంట్లో టీవీకి తగిలించే ఆటయంత్రం కావాలి, క్యాసెట్టు మారిస్తే ఆట మారాలి, ధర మాత్రం పోటీవాళ్లెవరూ అందుకోలేనంత తక్కువ ఉండాలి. నింటెండో 1889లో పేకముక్కలు చేస్తూ మొదలైన కంపెనీ, దానికి సొంతంగా చిప్పుల ఫ్యాక్టరీ లేదు. ఉయెమురా రికో కంపెనీతో చేయి కలిపాడు. రికోవాళ్లు 6502 నమూనాలోంచి దశాంశ లెక్కల భాగాన్ని పక్కనపెట్టి, శబ్దం పుట్టించే వలయాలను అదే చిప్పులో ఇమిడ్చారు. రిమోట్ మీద బొటనవేలితో నొక్కే కూడిక గుర్తు మీట గున్‌పే యొకోయ్ ఆలోచన. 1982లో ఆయన చేతిలో ఇమిడే ఒక చిన్న ఆట కోసం తయారుచేసిన ఆ మీట ఇక్కడికొచ్చి ప్రపంచమంతా పాకింది. 1983 జులై 15న ఈ యంత్రం ఫామికామ్ పేరుతో 14,800 యెన్లకు జపాన్ దుకాణాల్లోకి వచ్చింది. మొదటి విడతలో ఒక చిప్పు లోపం బయటపడితే అమ్మినవాటిని వెనక్కి రప్పించి, బోర్డులు మార్చి ఇచ్చారు.

దాని లోపల ఏముందో చూస్తే ఇప్పటి పిల్లలు నమ్మరు. ప్రాసెసరు వేగం 1.79 మెగాహెర్ట్జ్. ఆడుతున్నప్పుడు లెక్కలు దాచుకునే మెమరీ 2 కిలోబైట్లు, అంటే 2,048 బైట్లు. ఇప్పటి కంప్యూటర్లలో తెలుగు రాతకు ఒక్కో సంకేతానికి 3 బైట్లు పడతాయి. ఆ లెక్కన మీరు ఇందాక చదివిన క్యోటో పేరా ఒక్కటే ఆ మెమరీలో పట్టదు. మారియో ఎక్కడున్నాడు, ఎంత వేగంతో ఉన్నాడు, ఎన్ని ప్రాణాలు మిగిలాయి, ఏ తాబేలు ఎటు నడుస్తోంది, ఏ ఇటుక పగిలింది, అన్నీ ఆ చారెడు చోటులోనే ఉండాలి.

అంత తక్కువలో బొమ్మ ఎలా కదిలింది? దీనికి మా జిల్లా మనుషులకు బాగా తెలిసిన పోలిక ఒకటుంది. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట తోలుబొమ్మలాటకు పేరుబడ్డ ఊరు. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. తోలుబొమ్మలాటలో తెర ఒకటి, బొమ్మలు వేరు. హనుమంతుడు గెంతితే తెరంతా మళ్లీ గీయరు, బొమ్మను మాత్రమే కదుపుతారు. హనుమంతుడి తల, చేయి, కాలు విడివిడి తోలుముక్కలు. ఆటపెట్టెలోని బొమ్మల చిప్పు చేసిందీ అదే. వెనకనుండే కొండలు, మబ్బులు, ఇటుకలు ఒక పొర. 8 చుక్కల పొడవు, 8 చుక్కల వెడల్పు ఉన్న చిన్న పలకలను అడ్డంగా 32, నిలువుగా 30 చొప్పున పేర్చి ఆ పొర నింపుతుంది. దాని ముందు కదిలే బొమ్మలు మరో పొర. అవి ఒకేసారి 64 దాకా ఉండొచ్చు. చిన్న మారియో నాలుగు ముక్కల బొమ్మ.

మొత్తం తెర బొమ్మను దాచుకునేంత మెమరీ ఆ పెట్టెలో ఎక్కడా లేదు. టీవీ ట్యూబులో ఎలక్ట్రాన్ల పోటు ఎడమ నుంచి కుడికి ఒక్కో గీత గీసుకుంటూ పోతుంటే, ఈ చిప్పు ఆ గీతకు కావలసిన చుక్కలను అప్పటికప్పుడు ఏరి అందిస్తుంది. ఒక గీత మీద ఎనిమిది బొమ్మ ముక్కల కంటే ఎక్కువ పెట్టే తీరిక దానికి లేదు. తొమ్మిదోది మాయమవుతుంది. అందుకే ఆట రాసేవాళ్లు ప్రతి ఫ్రేములో వరస మార్చి, ఒకసారి ఒక ముక్క, ఇంకోసారి ఇంకో ముక్క మాయమయ్యేలా చూసేవాళ్లు. కాంట్రా అనే ఆటలో శత్రువులు మూగినప్పుడు తూటాలు మిణుకుమిణుకుమన్నాయే, అది క్యాసెట్టు జబ్బు కాదు. ఉన్న ఎనిమిది చోట్లను అందరికీ వంతులేసి పంచడం.

ఈ బిగువులోనే 1985 సెప్టెంబరు 13న సూపర్ మారియో బ్రదర్స్ వచ్చింది. షిగెరు మియమోతో, తకాషి తెజుకా రూపకల్పన, కోజి కొండో సంగీతం. ఆట మొత్తం 40 కిలోబైట్లు. ఇప్పుడు మన ఫోనుకు వాట్సాప్‌లో వచ్చే పండుగ శుభాకాంక్షల బొమ్మ ఒకటి దీనికంటే పెద్దది. ఆకాశంలోని మబ్బు, నేల మీద పొద ఒకే బొమ్మ. రంగు మార్చారంతే. ఏళ్ల తరబడి ఆడినా మాలో ఎవరికీ అనుమానం రాలేదు. మియమోతో చిన్నతనం క్యోటోకు దగ్గర్లోని సొనోబేలో గడిచింది. అక్కడి కొండల్లో, అడవిలో తిరుగుతూ గుహల్లోకి దూరిన అనుభవమే 1986లో వచ్చిన జెల్డా ఆటకు ప్రేరణ అని ఆయన చెప్పాడు. ఇటు చూస్తే హగరి ఏటి ఇసుకలో, కణేకల్లు చెరువు కట్ట మీద, ఎండిన బావుల్లో తిరిగిన పిల్లలం మేము. తలుపు తోస్తే ఇంకో లోకం, గొట్టంలోకి దిగితే ఇంకో దారి అన్న ఊహ మాకు కొత్తగా అనిపించలేదు. మారియో 1-2 దశలో ఇటుకల పైకప్పు మీదెక్కి చివరిదాకా పరుగెత్తితే నేరుగా ముందు లోకాలకు పోయే గొట్టాలు దొరుకుతాయని ఏ పుస్తకంలోనూ మేం చదవలేదు. ఎండాకాలం సెలవులకు బళ్లారి నుంచి వచ్చిన చుట్టాల పిల్లోడి నోట అది ఊళ్లోకి వచ్చింది. మర్నాటికి వీధి వీధికీ తెలిసిపోయింది.

ఫామికామ్ అసలు యంత్రం మా దాకా రాలేదు. వచ్చింది దాని నకలు. అమెరికాకు పంపిన యంత్రంలో నింటెండో ఒక తాళం చిప్పు పెట్టింది, తమ అనుమతి లేని క్యాసెట్టు నడవకుండా. జపాన్ ఫామికామ్‌లో ఆ తాళం లేదు. అది కూడా తోడై 60 కాళ్ల జపాన్ క్యాసెట్టు ప్రపంచం సగానికి ఉమ్మడి సొత్తయింది. తైవాన్‌లో యూఎంసీ అనే సంస్థ ప్రాసెసరుకు, బొమ్మల చిప్పుకు నకళ్లు చేసింది. వాటితో మైక్రో జీనియస్ లాంటి యంత్రాలు వచ్చాయి. రష్యాలో 1992 చివర్లో డెండీ పేరుతో, పోలండ్‌లో పెగాసస్ పేరుతో అమ్మినవి ఈ కుటుంబానివే. మన దగ్గర మీడియా, టెర్మినేటర్, లిటిల్ మాస్టర్ అన్న పేర్లు నా వయసువాళ్లకు గుర్తుండే ఉంటాయి. తర్వాత్తర్వాత అన్ని చిప్పులనూ ఒకే చిప్పులోకి కుదించి, దాని మీద నల్లటి లక్క చుక్కలాంటి ఎపాక్సీ పోసి వదిలేశారు. అలాంటి పెట్టె విప్పితే లోపలంతా ఖాళీ, మధ్యలో రూపాయి బిళ్లంత నల్ల మచ్చ.

ఇది నకలేనని, అసలు ఆటలు చేసినవాళ్లకు దీని ద్వారా పైసా చేరలేదని దాచకుండా చెప్పుకోవాలి. మియమోతో, కొండో లాంటి వాళ్ల పేర్లు కూడా మాకు తెలియకుండా పోయాయి. కాంట్రా క్యాసెట్టు మీద సినిమా హీరోల బొమ్మలుండేవి. కానీ అసలు యంత్రం కోసం చూస్తూ కూర్చుంటే వేరుశనగ పంట మీద బతికే ఇళ్లకు అది ఎన్నటికీ వచ్చేది కాదు. నకలు రాబట్టే వచ్చింది. ఈ రెండూ నిజమే.

క్యాసెట్ల మీద 9999 ఆటలు అని రాసుండేది. ఆ మెనూ దొర్లిస్తే పాతికో ముప్పయ్యో ఆటలు మళ్లీ మళ్లీ వస్తాయి. ఒకచోట మారియో మొదటి లోకం నుంచి, ఇంకోచోట నాలుగో లోకం నుంచి, అంతే తేడా. అయినా ఆ దొర్లించడంలో ఒక ఆశ ఉండేది, కింద ఎక్కడో ఎవరూ చూడని ఆట దొరుకుతుందని. 1986 నాటి అడ్వెంచర్ ఐలాండ్ మాకు అలాగే దొరికింది. టోపీ పెట్టుకుని, ఆకుల లంగోటీ కట్టుకుని, రాతి గొడ్డళ్లు విసురుతూ పరుగెత్తే మనిషి. పండ్లు తింటూ ఉండకపోతే ఓపిక తగ్గిపోయి పడిపోతాడు. ఆకలిని గీతల్లో చూపించే ఆట అని నాకు అది మారియో కంటే ఇష్టం.

అసలుకూ నకలుకూ ఉన్న ఇంకో తేడా మాకు చాలా ఏళ్లకు తెలిసింది. జపాన్, అమెరికా టీవీలు సెకనుకు 60 సార్లు బొమ్మ మారుస్తాయి, మన టీవీలు 50 సార్లు. ఆట లెక్కంతా ఫ్రేముకొక అడుగు చొప్పున నడుస్తుంది. కాబట్టి మన టీవీ పద్ధతికి చేసిన నకళ్ల మీద ఆట ఆరో వంతు నెమ్మదించేది. పాట శ్రుతి దాదాపు అదే, నడక మాత్రం నిదానం. ఈమధ్య ఫోనులో అసలు వేగంతో మారియో ఆడిన నా ఈడువాళ్లు ఇది మన మారియో కాదే, తొందరపడుతున్నాడే అంటారు. వాళ్ల జ్ఞాపకం తప్పు కాదు. మేం ఆడింది 50 ఫ్రేముల మారియో.

ఆటపెట్టెకు తగిలించిన టీవీల గురించీ ఒక మాట. హైదరాబాదు ఈసీఐఎల్ 1967లో పుట్టింది. 1975-76లో ఉపగ్రహం ద్వారా పల్లెలకు టీవీ చూపించిన సైట్ ప్రయోగానికి సెట్లు తయారుచేసింది ఆ సంస్థే. ఆ తర్వాత ఈసీ టీవీ తెలుగు ఇళ్లలో పేరుబడ్డది. అలాంటి టీవీకి వెనక యాంటెన్నా తీగ పీకి ఆటపెట్టె తీగ గుచ్చాలి, గుండీ తిప్పుతూ ఛానెల్ వెతకాలి. పెట్టెలోని చిన్న మాడ్యులేటరు ఆటను టీవీ తరంగంగా మార్చి పంపుతుంది. టీవీకి సంబంధించినంత వరకు మారియో కూడా దూరదర్శనే. ఇంట్లో పెద్దవాళ్ల భయం ఒకటే: "ఒరే, పిచ్చరు ట్యూబు పోతాది, ఆపండ్రా!" అందులో కొంత నిజం లేకపోలేదు. కదలని స్కోరు అంకెలు గంటలకొద్దీ ఒకేచోట వెలిగితే తెర లోపలి ఫాస్ఫరు పూత అక్కడ అరిగి మచ్చ పడుతుంది. ఒక సాయంత్రపు ఆటకు మాత్రం ఏమీ కాదు.

ఇద్దరు ఆడే కాంట్రా మా ఊరి పిల్లలకు పరీక్ష. 1988లో ఇళ్లలోకి వచ్చిన ఆ ఆటలో జలపాతం దశ ఒకటుంది. బండల మీద గెంతుతూ పైకి పోవాలి. తెర ఒకటే, మనుషులు ఇద్దరు. ముందున్నవాడు ఎక్కేకొద్దీ తెర పైకి జరుగుతుంది, కిందున్నవాడు అంచు దాటి చచ్చిపోతాడు.

"నిలబడ్రా రేయ్! నువ్వు పైకి పోతే నేను సస్తా!"

"నువ్వే బిరీన రాన్నా, ఈడ నన్ను కొడ్తా ఉండారు!"

ఒక్క వాక్యం సూచన లేకుండా, తోటివాడి కోసం ఆగడమెలాగో ఆ జలపాతం నేర్పింది. ఇద్దరికీ ఒకే తెర ఉండడమే దానికి మూలం. 30 ప్రాణాలిచ్చే రహస్య మీటల వరసను మాత్రం ముందుగా 1986లో గ్రేడియస్ ఆట కోసం కజుహిసా హషిమోతో పెట్టుకున్నాడు. ఆట మరీ కష్టంగా ఉందని, పరీక్షించడానికి తనకోసం. పైకి రెండు, కిందికి రెండు, ఎడమ, కుడి, ఎడమ, కుడి, బి, ఏ. ఎక్కాలు తడబడే పిల్లలు కూడా దీన్ని తడుముకోకుండా చెప్పేవాళ్లు.

కణేకల్లుకు తనదైన కష్టాలు రెండు, దుమ్ము, కరెంటు. హెచ్చెల్సీ కాలువ నీళ్లు చెరువులోకి వచ్చినప్పుడు వరిమళ్లు పచ్చగా ఉంటాయి కానీ, ఆషాఢంలో హగరి వైపు నుంచి గాలి లేచిందంటే అన్నంలోనూ ఇసుకే. బొమ్మనహాళ్, కణేకల్లు మండలాల్లో ఇసుక దిబ్బలు పొలాల మీదికి జరుగుతూ రావడం ఎప్పటినుంచో ఉన్న సమస్య. ఆ పొడి క్యాసెట్టు గాడిలోనూ చేరేది. 60 కాళ్లలో ఒక్కటి సరిగ్గా తగలకపోయినా ప్రాసెసరుకో, బొమ్మల చిప్పుకో తప్పు బైటు అందొచ్చు. తెర మీద గళ్లు, చెత్త అక్షరాలు వస్తాయి. మేమంతా క్యాసెట్టు తీసి ఉఫ్‌మని ఊది పెట్టేవాళ్లం, నడిచేది. నడిపింది ఊపిరి కాదు, తీసి పెట్టడం. ఆ రాపిడికి కాళ్ల మీది మసక తొలిగి మళ్లీ తగులుతాయి. నోటి తడి మాత్రం మెల్లగా రాగిని తినేస్తుంది.

కరెంటు పోతే ఇక ఏమీ మిగలదు. ఆ 2 కిలోబైట్లు కరెంటున్నంతసేపే గుర్తుంచుకుంటాయి. అమెరికాలో అమ్మిన జెల్డా క్యాసెట్టులో చిన్న బ్యాటరీ పెట్టి ఆటను దాచుకునే ఏర్పాటు చేశారు. మారియోలో, కాంట్రాలో అదీ లేదు. వేళాపాళా లేని కరెంటు కోతల ఊళ్లో ఎనిమిదో లోకం దాకా పోవడమంటే ఆటగాడి నేర్పుతో పాటు సబ్‌స్టేషను దయ కూడా కావాలి. కాబట్టి ఆట పెట్టెలో కాదు, మా బుర్రల్లో దాచుకున్నాం. ఏ ఇటుకలో ఏముంది, ఏ గుంత మీద ఎప్పుడు దూకాలి, కోటలో పై దారా, కింది దారా, అన్నీ కంఠస్థం.

అడాప్టరు నుంచి వచ్చే కరెంటును పెట్టెలోని 7805 అనే మూడు కాళ్ల భాగం 5 వోల్టులకు తగ్గించి చిప్పులకు అందిస్తుంది. మిగిలినదంతా వేడిగా పోతుంది. వోల్టేజి ఎగుడుదిగుళ్లకు ముందు చచ్చేది అదే. రేడియోలు బాగుచేసే షాపులో దాన్ని తీసి కొత్తది అతికిస్తుంటే చూడడం నాకు ఆటంత ఇష్టంగా ఉండేది. అల్యూమినియం రేకుకు స్క్రూతో బిగించిన నల్ల ముక్క, కొద్ది రూపాయల సరుకు, అది మారగానే మారియో లేచి నిలబడ్డాడు. పెట్టె లోపల మంత్రం లేదు, కారణాలున్నాయి అని నాకు అక్కడే అర్థమైంది.

బాతులను కాల్చే ఆటకు వాడే తుపాకి కూడా అలాంటిదే. తుపాకి తెర మీదికి ఏమీ కాల్చదు, చూస్తుంది. మీట నొక్కగానే ఒక ఫ్రేము తెరంతా నల్లగా అవుతుంది, మరుసటి ఫ్రేములో బాతు ఉన్నచోట తెల్ల గడి వెలుగుతుంది. గొట్టంలోని కాంతి గ్రాహకానికి చీకటి తర్వాత వెలుగు తగిలితే గురి కుదిరినట్టు. అంతా సెకనులో చిన్న భాగంలో జరిగిపోతుంది. ఇప్పటి ఎల్‌ఈడీ టీవీ బొమ్మను కొంత ఆలస్యంగా చూపిస్తుంది కాబట్టి ఆ తుపాకి దాని ముందు గుడ్డిదే.

ఇవన్నీ ఇంత గట్టిగా ఎందుకు గుర్తున్నాయి? 2019లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు జెస్సీ గోమెజ్, కలానిట్ గ్రిల్-స్పెక్టర్ బృందం నేచర్ హ్యూమన్ బిహేవియర్ పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించింది. చిన్నప్పుడు పోకెమాన్ ఆట విపరీతంగా ఆడిన పెద్దవాళ్లకు ఆ బొమ్మలు చూపించి మెదడును స్కాన్ చేస్తే, దృశ్యాలను గుర్తించే భాగంలో ఒక మడత ప్రత్యేకంగా స్పందించింది. ఆడనివాళ్లలో అలా లేదు. చిన్నతనంలో కళ్లముందు పదేపదే కదిలిన చుక్కల బొమ్మలకు మెదడు ఒక స్థిరమైన చోటు ఇస్తుందన్నమాట. మా తరానికి మారియో అక్కడే ఉండి ఉంటాడని నా నమ్మకం.

నింటెండో 2003లో ఫామికామ్ తయారీ ఆపింది. అప్పటికి ప్రపంచమంతటా అమ్మింది దాదాపు 6 కోట్ల 19 లక్షల యంత్రాలు. నకళ్లు ఆ లెక్కలో లేవు. 2021 డిసెంబరులో ఉయెమురా కన్నుమూశాడు. మన ఊళ్లలో ఆ పెట్టెలు నెట్‌సెంటర్లు వచ్చాక అటకెక్కాయి, ఫోన్లు వచ్చాక పాత సామాన్లవాళ్ల బండ్లెక్కాయి. వాటి చరిత్ర మనవైపు ఎవరూ రాసిపెట్టలేదు. ఏ క్యాసెట్టు ఏ ఊళ్లో నడిచిందో చెప్పగలిగేవి ఆ క్యాసెట్లు, వాటితో ఆడినవాళ్ల మాటలు మాత్రమే.

మీ అటక మీద అలాంటి పెట్టె ఉంటే దయచేసి తూకానికి వేయకండి. పాత అడాప్టరును నేరుగా గుచ్చకండి, ముందు వోల్టేజి, ప్లస్ మైనస్‌లు చూపించుకోండి. క్యాసెట్టు కాళ్లను నోటితో ఊదకుండా, దూదికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది తుడవండి. పాత ట్యూబు టీవీ ఎక్కడైనా బతికుంటే దానికే తగిలించండి. ఆ తర్వాత పెట్టెను మీ ఊరి హైస్కూలు సైన్సు టీచరుకు ఇవ్వండి. మూత విప్పి లోపలి చిప్పులను, 7805ను పిల్లలకు చూపించమని అడగండి.